పట్టణ విహారము: పడవయా, రైలా?



పంటపనులు ముగిసి చేతికి కొంత తీరిక చిక్కినప్పుడును, పిల్లలకు బడిసెలవులు వచ్చినప్పుడును, “ఒకనాడు పట్నము చూచి వత్తము” అను మాట ప్రతి యింటను పుట్టును. ఆ మాట పుట్టినతోడనే ఇంటి పెద్ద యెదుటికి రెండు కోరికలు వచ్చి నిలుచును. పిల్లలు హుస్సేనుసాగరములో పడవ యెక్కవలెనందురు. మఱికొందఱు స్తంభములమీద పరుగెత్తు మెట్రోరైలులో కూర్చుండి నగరమును చూడవలెనందురు. దినము ఒక్కటే, ఖర్చునకు మితి కలదు, వెంట వచ్చువారిలో మోకాళ్లనొప్పులు గల ముసలివారును, చంకబిడ్డలును ఉందురు. ఈ రెంటిలో దేనిని ఎన్నుకొనవలెను, ఏది ఎంతవఱకు మనకు ఉపకరించును అనునదియే నేటి ప్రసంగవిషయము. భువనగిరి, బీబీనగరు, ఘటకేసరు గ్రామములనుండి వరంగల్లు రాజమార్గమున వచ్చువారికి ఉప్పలు నగరద్వారము వంటిది. కావున ఉప్పలును, దాని పొరుగుననున్న నాచారమును కేంద్రముగా నుంచుకొని ఈ సంగతిని విచారింతము.

మొదట ఒక విషయము తేటపఱచుకొనవలెను. పడవయు రైలును రెండును వాహనములే యైనను, అవి అన్ని చోట్లను ఒకే పనికి పోటీపడవు. గోదావరీ కృష్ణా మండలములలో ఒకప్పుడు నిజముగానే పోటీపడినవి. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప సాగిన కాలువలు పైరులకు నీరిచ్చుటయే గాక బాటలుగ గూడ ఉపయోగపడినవి. కొమ్మమూరు కాలువయు, బకింగుహాము కాలువయు కలియుటచే కాకినాడనుండి మద్రాసు వఱకు పడవలు నడచుటకు వీలు కలిగెను. గాలి అనుకూలించినప్పుడు తెఱచాపయెత్తి, లేనప్పుడు గట్టుమీద మనుష్యులు త్రాళ్లతో లాగుచు ఆ పడవలను సాగించెడివారు. తరువాత తూర్పుతీరపు రైలుమార్గము పడి, 1900లో రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై వంతెన యేర్పడెను. అప్పుడు ఆ మండలములవారికి నిజమైన ఎన్నిక కలిగినది. త్వరగలవాడు రైలెక్కెను, సరకు ఎక్కువై, తొందర లేనివాడు పడవ యెక్కెను. క్రమముగా కాలము విలువ హెచ్చిన కొలదిని పడవబాటలు పాడుపడినవి.

మన తావున ఇట్టి ఎన్నిక యెన్నడును లేదు. హైదరాబాదు పీఠభూమిపైనున్న నగరము. ఉప్పలునకు దక్షిణమున నాగోలు ప్రక్కగా పాఱు మూసీ, వానకారున పొంగి, వేసవిని చిక్కి, ఱాళ్లనడుమ పాఱునట్టి ఏఱు. 1908 సెప్టెంబరు 28వ తేదీన అది ఉప్పొంగి నగరమును ముంచివైచెను. అటుపిమ్మట వరదను అడ్డుటకును, మంచినీటికొఱకును ఎగువన 1920లో ఉస్మానుసాగరు, 1927లో హిమాయతుసాగరు నిర్మింపబడినవి. ఇట్టి ఏటిమీద నిత్యప్రయాణమునకు తగిన పడవబాట యేర్పడుట కలలోని మాట. అదే కేరళదేశపు కొచ్చినగరమును చూడుడు. అచ్చట దీవులును, ఉప్పుకయ్యలును ఇండ్లనడుమ అల్లుకొని యున్నవి. అందుచేత 2023 ఏప్రిలు నెలలో అచ్చటివారు వాటర్ మెట్రో అను పేర పడవలను రైలుబండ్లవలె వేళకు నడుప మొదలిడిరి. కొచ్చివానికి పడవ దారి. మనకట్లు గాదు. మనకు రైలు దారి, పడవ వేడుక. ఈ భేదమును గుర్తుంచుకొన్నచో సగము చిక్కు విడిపోవును. ఏలయన, రైలునకు బదులుగా పడవయా యని మనము అడుగుకొన నక్కఱలేదు. రైలుమీద పోయి, దినమును ఎట్లు గడపవలెను, అందులో పడవకు చోటిచ్చుటయా మానుటయా అని మాత్రమే అడుగుకొనవలెను.

ఇక రైలు సంగతి. ఈ దిక్కునకు రైలు క్రొత్తది గాదు. 1874లో వాడినుండి సికిందరాబాదునకు నైజాము ప్రభుత్వ రైలుమార్గము వచ్చెను. 1886లో అది వరంగల్లు వఱకును, 1889లో బెజవాడ వఱకును సాగెను. నాచారమునకు సమీపమున మౌలాలి, దానికావల ఘటకేసరు, భువనగిరి, రాయగిరి ఆ దారిలోనివే. ఈ పాత పట్టాలమీదనే నగరపు చుట్టుప్రక్కల వారికొఱకు ఎమ్.ఎమ్.టి.యస్. అను స్థానిక రైళ్లు 2003 ఆగస్టు మొదలు లింగంపల్లి వైపున నడుచుచున్నవి. 2024 మార్చి 5వ తేదీన ఘటకేసరునుండి మౌలాలి మీదుగా లింగంపల్లికి గూడ అట్టి బండి ప్రారంభింపబడెను. వీనియందు చార్జీ మిక్కిలి స్వల్పము. కాని తూర్పువైపున బండ్ల సంఖ్య కొలదియే గనుక, వేళ తెలిసికొనక స్టేషనునకు పోయినవాడు గంటలకొలది కాచియుండవలసివచ్చును. బీదకుటుంబమునకు, ముందుగా వేళ విచారించు ఓపిక గలవానికి ఇది మంచి సాధనము.

మెట్రోరైలు దీనికి వేఱు. ఇది వీధులపైన స్తంభములమీద నిర్మించిన ప్రత్యేకపు పట్టాలమీద నడుచును. నాగోలునుండి ఉప్పలు మీదుగా అమీరుపేట వఱకును, అచ్చటినుండి మియాపురము వఱకును 30 కిలోమీటర్ల దారి 2017 నవంబరు 28న ప్రారంభింపబడి, మఱునాటినుండి జనులకు తెఱవబడెను. 2020 ఫిబ్రవరి నాటికి మూడు మార్గములు కలిసి 69 కిలోమీటర్లయ్యెను. ఈ దారిలో ఎడ్లబండి అడ్డము రాదు, గేటు పడదు, వానకు బురద కాదు. ఒక బండి పోయిన కొలదినిమిషములకే మఱియొకటి వచ్చును. ఉప్పలునుండి అమీరుపేటకు నడుమ స్టేడియము, ఎన్.జి.ఆర్.ఐ., హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ, సికిందరాబాదు, పెరేడుగ్రౌండు మొదలగు స్టేషనులను దాటుచు సుమారు అరగంటలో చేరవచ్చును. అదే దూరమును రద్దీవేళ బస్సులో పోయినచో ఎంతసేపు పట్టునో ముందుగా చెప్పుట బస్సు నడుపువానికిని సాధ్యము గాదు.

నాచారమున మెట్రోస్టేషను లేదు. అచ్చటివారు ఆటోమీదనో బస్సుమీదనో హబ్సిగూడకు గాని, ఎన్.జి.ఆర్.ఐ. స్టేషనునకు గాని వచ్చి ఎక్కవలెను. గ్రామములనుండి బస్సులలో వచ్చువారు ఉప్పలుకూడలిలో దిగి అచ్చటనే ఎక్కవచ్చును. ప్రతి స్టేషనునందును కదలెడు మెట్లును, ముసలివారికి లిఫ్టును కలవు. కదలెడు మెట్లకు అలవాటుపడనివారు, చీరకుచ్చెళ్లు చిక్కుకొను భయము గలవారు సంకోచింపక లిఫ్టునే అడుగవలెను. కొన్న టిక్కెట్టును దిగినచోట గేటువద్ద మరల చూపిననే వెలుపలికి దారి యిచ్చును. కావున దానిని నలిపి పాఱవేయరాదు. కిరసనాయిలు, బాణసంచా వంటివి లోనికి రానీయరు. బండిలో తినుటయు, ఉమ్మివేయుటయు నిషిద్ధము. తలుపులు తమంతట తామే మూసికొనును, ఎవరికొఱకును ఆగవు. అందుచేత బయలుదేరుటకు ముందే ఇంటివారందఱకును ఒక మాట చెప్పియుంచవలెను: ఎవరైన వెనుకబడినచో వారు ఉన్నచోటనే నిలువవలెను, ముందుపోయినవారే తరువాతి స్టేషనులో దిగి మరలి రావలెను. ఇద్దఱును ఒకరికొఱ కొకరు వెదకుచు తిరిగినచో దినము వెదుకులాటతోనే సరిపోవును.

చార్జీ విషయము. 2017లో కనిష్ఠము 10 రూపాయలు, గరిష్ఠము 60 రూపాయలుగా నిర్ణయించిరి. 2025 మేనెలలో వానిని 12, 75 రూపాయలకు పెంచి, కొలదిదినములకే నూటికి పది వంతున తగ్గించిరి. ఇది బస్సుకంటె ఎక్కువయే. ఎనమండుగురు గల కుటుంబము పోవురాకలు లెక్కవేసికొన్నచో తేడా స్పష్టముగ తెలియును. కాని ఆటోలకు పెట్టు వ్యయమును, దారిలో పోవు కాలమును గూడ లెక్కలో చేర్చవలెను. పోవునప్పుడు రైలు, తీరికగా వచ్చునప్పుడు బస్సు అని సగము సగము చేసికొన్నను చేసికొనవచ్చును.

పడవ యెక్కకయే రైలుతో మాత్రము దినమును నింపుకొనుట సాధ్యమా యనిన, బాగుగనే సాధ్యము. పెరేడుగ్రౌండువద్ద మార్గము మారి మహాత్మాగాంధీ బస్సుస్టేషనువఱకు పోయినచో సాలారుజంగు ప్రదర్శనశాల దగ్గఱ. ఇది 1951 డిసెంబరులో తెఱవబడినది, శుక్రవారము సెలవు. అచ్చటినుండి 1591 నాటి చార్మినారును ఆటోలో చేరవచ్చును. అమీరుపేటవద్ద మార్గము మారి అసెంబ్లీ స్టేషనున దిగినచో పబ్లికుగార్డెన్సులో రాష్ట్ర పురావస్తు ప్రదర్శనశాల కలదు. అందు ఈజిప్టుదేశమునుండి వచ్చిన పురాతన మృతశరీరము, మమ్మీ యనునది, పిల్లలకు మిగుల ఆశ్చర్యము గొలుపును. ఇట్టి దినమున ఎండవానల భయము లేదు. కూర్చుండుటకు నీడ గలదు. ముసలివారును, బాలింతలును ఉన్న కుటుంబమునకు ఇదియే మేలు.

అయినను పడవయందు రైలున దొరకని సుఖమొకటి గలదు. రైలులో కూర్చున్నవాడు నగరమును దాటిపోవును. పడవలో కూర్చున్నవాడు నగరమునకు ఎడముగా నిలిచి దానిని చూచును. హుస్సేనుసాగరము 1562 ప్రాంతమున ఇబ్రాహీము కులీ కుతుబుషా కాలమున హుస్సేన్ షా వలీ కట్టించిన చెఱువు. హైదరాబాదు నగరము పుట్టుటకే ముప్పది యేండ్లకు ముందు కట్టబడి, నేడు జంటనగరముల నడుమ సుమారు 5.7 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించియున్నది. చెఱువుకట్ట మన కందఱకును తెలిసినదే. అయితే ఒక చెఱువుకట్ట రెండు నగరములకు రాజమార్గమగుట ఇచ్చటి విశేషము. లుంబినీవనపు రేవునుండి పడవలు నీటినడుమనున్న బుద్ధవిగ్రహము వఱకు పోయి వచ్చును. మెట్రోలో ఖైరతాబాదున గాని, లకిడీకాపూలున గాని దిగి అచ్చటికి ఆటోలో చేరవచ్చును.

ఆ విగ్రహమునకును మన తూర్పుదిక్కునకును సంబంధము గలదు. దానిని చేయింప సంకల్పించినవారు నందమూరి తారక రామారావుగారు. నాచారమున రామకృష్ణ సినీస్టూడియోను నెలకొల్పినవారును వారే. శిల దొరకినది భువనగిరి చెంతనున్న రాయగిరిలో. అది ఉప్పలుమీదుగా పోవు వరంగల్లు మార్గముననే యున్నది. సుమారు 17 మీటర్ల ఎత్తును, వందల టన్నుల బరువును గల ఆ ఏకశిలావిగ్రహమును 1990 మార్చి 10వ తేదీన పెద్ద తెప్పమీద నెక్కించి చెఱువునడిమికి కొనిపోవుచుండగా, తెప్ప ఒరిగి విగ్రహము నీట మునిగెను. పనివారిలో పలువురు ప్రాణములు గోల్పోయిరి. రెండు సంవత్సరములకు మించి నీటి అడుగున పడియుండిన పిమ్మట, 1992 డిసెంబరు 1వ తేదీన దానిని పైకెత్తి, ఇప్పుడున్న శిలాపీఠముపై నిలిపిరి. నేడు పడవలో పోయి ఆ శాంతమూర్తిని చూచువారు ఈ కథను పిల్లలకు చెప్పవలెను. నీరు ఎంత నిశ్చలముగ కనిపించినను బరువు విషయమున ఉపేక్షను సహింపదనుటకు ఇంతకంటె పాఠము వలదు.

పడవ ఏల ఒరుగును? ఇది తెలిసిన పెద్దవానికి ఎవరి హెచ్చరికయు నక్కఱలేదు. పడవ తన బరువునకు సరియైనంత నీటిని ప్రక్కకు త్రోసి తేలును. మనుష్యులు ఎక్కినకొలది అది మఱికొంత లోతునకు దిగును. అంచునకును నీటికిని నడుమనుండు ఎడము తగ్గును. ఆ ఎడము జానెడున్నప్పుడు చిన్న అల గూడ లోనికి దూకును. లోనికి వచ్చిన నీరు ఒకచోట నిలువదు. పడవ ఎటు వంగిన అటే పరుగెత్తి ఆ ప్రక్క బరువును హెచ్చించును. ఇది యొక కారణము. రెండవది యెత్తు. గడ్డి తక్కువయెత్తున పేర్చిన బండి గతుకులో పడినను నిలుచును; మిక్కిలి యెత్తుగా పేర్చినది చిన్న వాలునకే తిరుగబడును. పడవయు నట్టిదే. జనులు కూర్చున్నప్పుడు బరువు క్రింద నుండును; లేచి నిలిచినతోడనే బరువు పైకి పోవును. మూడవది, ఫొటోకొఱకనియు, వింత కనబడెననియు అందఱును ఒకే ప్రక్కకు పోవుట. ఈ మూడును కలిసిన నాడు ఎంత చేయితిరిగిన సరంగైనను చేయగలది లేదు.

2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరిలో పాపికొండల విహారమునకు బయలుదేరిన లాంచి కచ్చులూరువద్ద మునిగెను. అందు డెబ్బదిమందికి పైగా నుండిరి. ఏబదిమంది వఱకు మరణించిరి. వరంగల్లు చెంతనున్న కడిపికొండ గ్రామమువారును అందుండిరి. వారు నిర్లక్ష్యపరులని చెప్పుటకు గాదు నేను దీనిని తలచుట. వారును మనవలెనే సెలవుదినమున వేడుకకు బయలుదేరినవారు. నాడు గోదావరి వరదలో నుండెను. హుస్సేనుసాగరము గోదావరి గాదు. ప్రవాహము లేదు, ఒడ్డు కనుచూపుమేరలోనే యుండును. కాని ఈదుట రానివానికి లోతు ఎంతయైన నేమి? గట్టు కనబడుచుండగానే మునిగినవారు మన చెఱువులలో ఎందఱు లేరు?

కావున రేవువద్ద ఇంటిపెద్ద విచారింపవలసినవి నాలుగు గలవు. లైఫ్ జాకెట్టు అను తేలుచొక్కా ప్రతివారికిని ఉన్నదా, ముఖ్యముగా పిల్లల కొలతకు సరిపడునది ఉన్నదా యని చూడవలెను. పెద్దవారి చొక్కాను బిడ్డకు తొడిగినచో నీటిలో అది పైకి జాఱిపోవును. దానిని ఒడిలో పెట్టుకొనుట గాక, త్రాళ్లు బిగించి కట్టుకొనవలెను. రెండవది, పడవమీద ఎంతమందికి అనుమతియో వ్రాసినదానిని చదివి, ఎక్కినవారిని లెక్కింపవలెను. మూడవది, ఆకాశము. ఏప్రిలు, మే నెలల సాయంకాలములందు ఎండ కాయుచుండగనే ఈదురుగాలి లేచును. పడమట మబ్బు కమ్మినచో ఎక్కరాదు. నాలుగవది, మన గుంపు. చంకబిడ్డ తల్లియు, తల తిరుగువారును, నడుము వంగని ముసలివారును రేవులోనే నీడపట్టున కూర్చుండుట మేలు. వారికి తోడుగ ఒకరిని విడువవలెను. వేగముగా పరుగెత్తు చిన్న మోటారుపడవకంటె మెల్లగా పోవు పెద్ద లాంచి కుటుంబములకు తగును.

ఈ నాలుగింటిలో ఒక్కటి లోపించినను “నేడు వలదు” అనుటకు జంకరాదు. టిక్కెట్టు కొన్నాము గదా, పిల్లలు ఏడ్చెదరు గదా, ఇంతదూరము వచ్చితిమి గదా యను మొగమాటమే ప్రమాదమునకు తొలిమెట్టు. గ్రామమున తగవు తీర్చునప్పుడు నలుగురికి ఇష్టము లేని మాటయైనను చెప్పగల పెద్ద, రేవువద్ద పడవవానితో “తేలుచొక్కా లేనిదే మావారు ఎక్కరు” అని చెప్పలేడా? పెద్దరికము ఇంటివద్ద మంచముమీద కూర్చున్నప్పటికంటె ఇట్టిచోట్లనే ఎక్కువగా పనికివచ్చును.

వేళలను గూర్చి ఒక మాట. మెట్రోబండ్లు ఉదయము 6 గంటలనుండి రాత్రి 11 గంటల ప్రాంతము వఱకు నడచును గాన, అనేకులు తొందరలేదని తలతురు. గ్రామమునకు పోవలసినవారికి చివరిబండి మెట్రో కాదు. ఉప్పలులో దొరకు చివరిబస్సు. దినపు లెక్కను ఆ బస్సునుండి వెనుకకు వేసికొనవలెను. పడవవిహారము ఉదయముననే ముగించుట మంచిది. అప్పుడు గాలి తక్కువ, జనసమ్మర్దము తక్కువ; వేసవిని మధ్యాహ్నమైనచో చెఱువుగాలియందు మురుగువాసన గూడ హెచ్చును. మధ్యాహ్నపు ఎండవేళ ప్రదర్శనశాలలోని నీడకు పోవచ్చును. వినాయక నిమజ్జనపు దినములందు హుస్సేనుసాగరపు పరిసరములు జనసముద్రమగును. పిల్లలతో విహారమునకు ఆ దినములు తగవు.

ఇంతవఱకు చెప్పినదానిని ముక్తసరిగా చెప్పెదను. కాలము తక్కువయై, వెంట ముసలివారు ఎక్కువయైనచో రైలును, ప్రదర్శనశాలలను ఎన్నుకొనుడు. డబ్బు తక్కువయై ఓపిక గలిగినచో వేళ తెలిసికొని స్థానికరైలెక్కుడు. ఎదిగిన పిల్లలును, నిర్మలమైన ఉదయమును, సరియైన తేలుచొక్కాలును గలిగినచో రైలుమీద పోయి పడవ యెక్కుడు. ఆ అరగంట వారికి ఏండ్లతరబడి జ్ఞాపకముండును. దేనిని ఎన్నుకొన్నను, గుంపులో బలవంతుని కోరికనుబట్టి గాక బలహీనుని శక్తినిబట్టి దినమును నిర్ణయింపుడు. ఉదయము ఎంతమందితో ఉప్పలున రైలెక్కితిమో, సాయంకాలము అంతమందితో చివరిబస్సునకు ముందే అచ్చట దిగుట, ఏమి చూచితిమనుదానికంటె ముఖ్యము.